బేరింగులు మార్చిన రోజు

భివండి పద్మనగర్‌లో లేత్ పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు మొన్న నా దగ్గరికి వచ్చి, "తాతా, నీ అనుభవాలు రాసియ్యి, మాకు పనికొస్తయ్" అన్నారు. పనికొచ్చేది రాయమన్నారు గాని తియ్యగా ఉండేది రాయమనలేదు కాబట్టి ఒప్పుకున్నాను. వయసు మీద పడితే మనిషి చల్లబడతాడంటారు. ఈ ఒక్క సంగతిలో నేను చల్లబడలేదు. ఇది కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళు ఆ కోపాన్ని తీసి పక్కన పెట్టి చదవొద్దు.

భివండిలోనే నార్పోలిలో మా బావకు, అంటే మా పెద్దక్క భర్తకు, ఒక చిన్న వర్క్‌షాపు ఉండేది. చుట్టూ సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్లు. వాటికి కావలసిన బుష్‌లు, పుల్లీలు, షాఫ్టులు చేసి ఇవ్వడం మా పని. సాంచా ఆగితే దాని యజమానికి కాలు నిలవదు. అరిగిన ముక్కను చేతిలో పట్టుకుని మా షట్టర్ ముందు నిలబడి, కొత్తది చేతికి వచ్చేదాకా కదలడు. మాకు టీ తాగడానికి కూడా వాళ్ళ అనుమతి కావలసి వచ్చేది.

షాపులో రెండు లేతులు. పెద్దదాని మీద నేను, చిన్నదాని మీద చాచా. ఆ చిన్న లేత్ వయసులో మా అందరికంటే పెద్దది. ముంబైలో మూతపడిన ఒక బట్టల మిల్లు సామాను వేలం వేసినప్పుడు బావ కొని తెచ్చాడు. ఇంగ్లండులో తయారైనది. దాని మీది పేరు పలకను ఎంతమంది ఎన్నేళ్ళు తుడిచారో గాని అక్షరాలు మిగల్లేదు. చిన్నదైనా మంచి మిషన్. దాని మీద చాచా కోసిన బుష్‌ను షాఫ్టుకు ఎక్కిస్తే వేలితో తోసినంత సులువుగా వెళ్ళి కూర్చునేది.

చాచాది ఉత్తరప్రదేశ్. నిజానికి మాలో ఎవరికీ చాచా కాదు, అందుకని అందరికీ చాచా. తెలుగువాళ్ళ మధ్య బతికి మా యాసే నేర్చుకున్నాడు. తిట్టడానికి మాత్రం హిందీ వాడేవాడు. దసరాకు ముందు రోజు ఆ లేత్‌ను కిరసనాయిలుతో కడిగి మెరిసేలా తుడిచేది ఆయనే. "పూజ మీది, స్నానం నాది" అనేవాడు.

బావ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. సాంచాల మీద కూలికి వచ్చి, లేత్ నేర్చి, సొంత షాపు పెట్టిన మనిషి. నాకు పని నేర్పింది ఆయనే. మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని, ఇరుసు ఉండే హెడ్‌స్టాక్ మీద ఆనించి పెట్టాడు. "వేడి చెయ్యికి తెలుస్తది. చప్పుడు చెవికి తెలుస్తది. రెండూ చెప్పినంక గూడ మిషన్ నడిపేటోడు టర్నర్ కాదు" అన్నాడు. తెలియక తప్పు చేసినవాడి మీద నాకు కోపం నిలవదు. బావకు అన్నీ తెలుసు. నా కోపానికి మూలం అదే.

లేత్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. పనిముక్కను పట్టి తిప్పే ఇరుసును స్పిండిల్ అంటారు. అది రెండు బేరింగులలో తిరుగుతుంది. బేరింగులు అరిగితే ఇరుసు ఉన్నచోట ఉండదు, ఊగుతుంది. పని మీద అలలు అలలుగా గీతలు పడతాయి. అది చిన్న నష్టం. ఊగే ఇరుసు ఎప్పుడో ఒకప్పుడు ముక్కను ఎత్తి కోసే టూల్ మీద పడేస్తుంది. అది పెద్దది.

వానాకాలంలో చిన్న లేత్ గొంతు మారింది. కంకర నములుతున్నట్టు లోపల ఒక చప్పుడు. చాచా నన్ను పిలిచి, ఇరుసు కొసన ముక్కను పట్టే చక్‌లో ఒక పొడుగు కడ్డీ బిగించి, దాని కొసను పైకి లేపి చూపించాడు. ఇరుసు దాంతోపాటు లేచింది.

"చూసినవా బేటా, దీని నడుము పోయింది. నేను చెప్తే సేటు ఊఁ అంటడు, పోతడు. నువ్వు చెప్పు. ఇంటోనివి."

చెప్పాను. బావ వచ్చాడు. మిషన్ నడిపించి అరచెయ్యి ఆనించాడు. ఆపి, కడ్డీ లేపాడు. ఇంకేమీ చూడనక్కర్లేదు ఆయనకు. స్పానర్ తీసుకుని వెనక నట్టును కాస్త బిగించి, "ఇగ నడుస్తది" అన్నాడు.

"బావా, గట్ల బిగిస్తే వేడెక్కుతది. మార్చుడే."

"మార్చాలె. ఎవడొద్దన్నడు? రెండు మూడు దినాలు మిషన్ బంద్ పెడితే బయట నిలవడ్డోళ్ళకు నువ్వు జవాబు చెప్తవా?"

శుక్రవారం భివండిలో సాంచాలు ఆగుతాయి. మాకూ పేరుకు సెలవే. బేరింగ్ ఆ రోజు మార్చుకోవచ్చు, చేతులుంటే చాలు. కాని ప్రతి శుక్రవారం బావ ఎవరిదో ఒక అర్జెంటు పని ఒప్పుకునేవాడు. తన మిషన్లు ఒక్క పూట కూడా ఆగవని టపరీలో టీ తాగుతూ చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. అది విని పక్క షాపులవాళ్ళు తల ఊపుతుంటే చూడాలి ఆ ముఖం.

దీపావళి దాటాక మళ్ళీ అడిగాను. ఈసారి గొంతు పెంచాను. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పెండ్లిళ్ళ దినాలు, బట్టకు గిరాకి ఉన్నది. మనోళ్ళం మనమే ఒకరినొకరం అర్థం చేసుకోకుంటే ఎట్ల, బామ్మర్దీ?"

పిల్లలారా, ఈ 'మనోళ్ళం' అన్న మాట దగ్గర జాగ్రత్త. ఊరు కాని ఊరిలో ఆ మాట మనకు అన్నం పెట్టింది, ఉండటానికి ఖోలీ ఇప్పించింది, పెళ్ళిళ్ళు చేసింది. నేను కాదనను. కాని యజమాని నోట అది వచ్చిందంటే, అరిగిపోయిన బేరింగుకు నట్టు బిగిస్తున్నాడనే లెక్క. పైగా మన చాచా మనోళ్ళలో లేడు. ఆయన తరఫున 'మనోళ్ళం' అనేవాడు ఆ షాపులో లేడు.

చలి పోయి ఎండ ముదురుతున్న రోజుల్లో, మధ్యాహ్నం అన్నం వేళకు కాస్త ముందు, చాచా ఒక ఇనుప కడ్డీ నుంచి బుష్‌లు కోస్తున్నాడు. పలకలాంటి సన్నని టూల్‌ను లోపలికి నడుపుతూ ముక్కను వేరుచేసే పని అది. టూల్ సగం దిగింది. పక్కనే నా మిషన్ మీద వంగి ఉన్న నాకు ఒక్కసారి కంకర చప్పుడు ఆగినట్టు వినిపించింది. వెంటనే ఫట్‌మని పగిలిన శబ్దం. ఇరుసు ఎగిరి టూల్‌ను కొరికింది. టూల్ గాజులా విరిగింది. విరిగిన కొస చాచా పని వేళ పెట్టుకునే కళ్ళద్దం పగలగొట్టుకుని ఎడమ కంట్లో దిగింది.

ఆయన అరవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో ముఖం కప్పుకుని, ఇంకో చేత్తో స్విచ్ కోసం తడుముకుంటున్నాడు. మిషన్ ఆపాలని. నేను ఆపాను.

ఆటోలో సర్కారు దవాఖానాకు తీసుకెళితే వాళ్ళు ఠాణేకు పంపారు. ఠాణేలో డాక్టరు చూసి, కన్ను ఉండదని చెప్పాడు. బావ నాతోనే ఉన్నాడు. అక్కడ ఆయన ముఖంలో బాధ చూశాను, అబద్ధం చెప్పను. డాక్టరుతో రెండు చేతులు జోడించి మాట్లాడాడు. కాని మర్నాడు పొద్దున టపరీలో నలుగురు చుట్టూ చేరి ఎట్లైందని అడిగితే ఆయన అన్నమాట నా చెవులతో విన్నాను.

"ఏం చేస్తం, ముసలాయన. చూపు ఆనుతలేదు. టూల్ ఎక్కువ బయటికి పెట్టి కట్టిండు."

టపరీ అంటే టీ కొట్టే అనుకోకండి. నార్పోలిలో టర్నర్ల మంచి చెడ్డలు తేలేది ఆ బల్ల మీదే. చూపు పోయినవాడన్న పేరు అక్కడ పడితే, మిగిలిన కన్నుతో కూడా చాచాకు ఎవడూ పని ఇవ్వడు. ఒక కన్ను మిషన్ తీసింది. రెండోది బావ నోరు తీసింది. నేను టీ గ్లాసు కింద పెట్టి లేచాను. నోరు తెరిస్తే మాట రాదు, చెయ్యి లేస్తుందని తెలుసు.

చాచాకు గంజి, ఉతికిన దుప్పటి తీసుకుపోదామని పద్మనగర్‌లో అక్క ఇంటికి వెళ్ళాను. అక్క రాత్రంతా ఏడ్చినట్టుంది. దుప్పటి మడత పెడుతూ అడిగింది.

"దసర నాడు గా సామానుకు బొట్టు పెట్టి మంచిగ మొక్కిన గద తమ్మీ. మొక్కినంక గూడ గిట్లెందుకైంది?"

"ఏం సామాను అక్కా?"

"గదే, చాచా మిషన్‌ది. మీ బావ కొనుక్కచ్చిండు గద. పూజలవెట్టి గూట్లవెట్టినం. ఎప్పుడు తీస్కపోతవంటే తర్వాత అంటడు."

గూట్లో దేవుని పటాల వెనక రెండు అట్టపెట్టెలు. వాటి మీద పసుపు, కుంకుమ. సీలు కూడా తియ్యలేదు. విప్పి చూస్తే నూనె కాగితంలో చుట్టిన కొత్త బేరింగులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటి అంచు మీది నంబరు నాకు నోటికి వచ్చు. చాచా మిషన్‌వే.

డబ్బుల కోసం వాయిదా వేస్తున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. డబ్బు ఎప్పుడో పెట్టేశాడు. దసరా నుంచి ఆ పెట్టెలు ఇంట్లో కూర్చున్నాయి. షాపులో పెడితే మేం చూస్తాం, చూస్తే ఊరుకోం. అందుకని దేవుని వెనక దాచాడు. ఆయన ఇవ్వలేకపోయింది మిషన్ ఆగే సమయం ఒక్కటే. గంజి, దుప్పటి పక్కింటి కుర్రవాడితో ఠాణే దవాఖానాకు పంపించి, పెట్టెలు చంకలో పెట్టుకుని షాపుకు వెళ్ళాను.

షట్టర్ పూర్తిగా పైకెత్తాను. మెయిన్ స్విచ్ తీసి ఫ్యూజులు జేబులో వేసుకున్నాను. చిన్న లేత్ విప్పడం మొదలుపెట్టాను. బుష్‌ల కోసం వచ్చినవాళ్ళు ఏమైందని అడిగితే, "చూడుండ్రి, కనిపిస్తది" అన్నాను. చూస్తూ నిలబడ్డారు. పది అడుగుల అవతల టపరీలో ఉన్నవాళ్ళు కూడా గ్లాసులతో వచ్చారు. చక్ తీసి, బెల్టు తప్పించి, గేర్లు ఒక్కొక్కటి వరసగా గోనెపట్టా మీద పెట్టి, చెక్కదిమ్మ అడ్డం పెట్టి తడుతూ ఇరుసును బయటికి లాగాను. పాత బేరింగులు కిరసనాయిలులో కడిగి షట్టర్ బయట స్టూలు మీద పెట్టాను. ముందు బేరింగు లోపలి ముఖం మశూచి మచ్చల ముఖంలా ఉంది. దాన్ని చూడటానికి టర్నర్ కావలసిన పని లేదు.

ఇక్కడ పిల్లలకు ఒక పనికొచ్చే మాట. బేరింగును కోపంతో ఎక్కించకూడదు. సుత్తి దెబ్బ ఒక్కటి పడితే కొత్తది కూడా ఆ రోజే చస్తుంది. నూనెలో వేడిచెయ్యాలి, అది కాస్త విచ్చుకుంటుంది, అప్పుడు ఇరుసు మీదికి చేతితో జార్చాలి. పైగా భివండి గాలి నిండా పత్తి పోగులు. ఒక్క పోగు లోపల పడ్డా చాలు. అందుకని తెరిచిన చోటల్లా తడిబట్ట కప్పాను. స్టవ్ మీద నూనె కాగుతుంటే నేను దాని ముందు కూర్చుని ఎదురుచూడాలి. ఒళ్ళంతా మండుతుంటే అట్లా ఊరికే కూర్చోవడం నా జీవితంలో నేను చేసిన పనులన్నింటిలో కష్టమైనది.

బావ వచ్చేసరికి ఇరుసు బయట ఉంది, జనం ఉన్నారు, కుంకుమ పెట్టెలు బెంచీ మీద ఉన్నాయి. ఆయన పెట్టెలను చూశాడు, నన్ను చూశాడు. దగ్గరికి వచ్చి మెల్లగా, "షట్టర్ దించుదాం పట్టు. లోపల చేసుకుందాం. మనోళ్ళం" అన్నాడు.

"షట్టర్ దించితే నేను పోత బావా. మిషన్ గిట్లనే ఉంటది."

ఆయన వెనక్కి తిరిగి జనంతో, అందరికీ వినిపించేలా చెప్పాడు. "పాత మిషన్. సామాను యాడ దొరుకుతలేకుండె. ఇన్ని దినాలు తిరిగి తిరిగి, నిన్న మనిషిని పంపి ముంబైల తెప్పిచ్చిన."

సరిగ్గా అప్పుడు అక్క అన్నం టిఫిను పట్టుకుని జనంలోంచి లోపలికి వచ్చింది. రోజూ వచ్చే వేళే అది. ఆమె ఆగి, భర్త వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"నిన్నెందుకు తెప్పిస్తవ్? దసరకే తెచ్చినవు గద. బొట్టు పెట్టింది నేనే."

జనం బావ వైపు తిరిగారు.

"నువ్వు ఇంటికి పో" అన్నాడు బావ.

అక్క టిఫిను బెంచీ మీద పెట్టింది. "పోత. చాచా చూపు పోయిందంటున్నవట, దారిల విన్న. మొన్న గీడ కూసొని నీ అంగీకి గుండీ కుడుతుంటె సూదిల దారం ఎక్కిచ్చిచ్చింది ఆయననే. నాకు ఆనలే, ఆయనకు ఆనింది." అని కొంగు సర్దుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. జనం ఆమెకు దారి ఇచ్చారు.

బావ లోపలికి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. టిఫిను తెరవలేదు. నేను పని ముగించాను. వెనక నట్టును బిగించి, కాస్త వదిలి, మళ్ళీ బిగించి, గేజు ముల్లు కదలకుండా నిలిచేదాకా చూసుకున్నాను. దీపాలు పెట్టే వేళకు ఫ్యూజులు పెట్టి స్విచ్ వేశాను. మిషన్ తిరుగుతోందని చక్ చూస్తేనే తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు. కొంతసేపటికి బావ లేచి వచ్చి, అలవాటుగా, హెడ్‌స్టాక్ మీద అరచెయ్యి ఆనించాడు. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. మంచి మిషన్ అరచేతి కింద తిరుగుతుంటే టర్నర్‌కు కలిగే సంతోషం. ఆ రోజు మొత్తంలో నన్ను అన్నిటికంటే మండించింది అదే.

మర్నాడు పాత బేరింగును జేబురుమాలులో కట్టుకుని ఠాణేకు వెళ్ళాను. చాచా అరచేతిలో పెట్టాను. ఆయన లోపలి ముఖం మీద గోటితో ఒక చుట్టు తిప్పాడు.

"గీరుకుంటున్నది" అన్నాడు. దాన్ని తిరిగి నా చేతిలో పెట్టి, "నీ బావ టపరీల నిలవడి ఒక్క మాట అంటె చాలు బేటా. చాచా చూపు కాదు, మిషన్ అని. నాకింకేం వద్దు" అన్నాడు.

దవాఖానా ఖర్చంతా బావే పెట్టుకున్నాడు. పద్మనగర్ అంతా ఆయన పెద్ద మనసు గురించి చెప్పుకుంది. ఆ మాట మాత్రం అనలేదు. నేను షాపులో నిలదీశాను.

"అంటే రేపటికెల్లి నా షాపుకు ఎవడొస్తడు?" అన్నాడు.

నా గేజులు, నా టూళ్ళు మూట కట్టుకుని వచ్చేశాను. రిటైరయ్యేదాకా వేరే గాలాల్లోనే, అంటే వేరేవాళ్ళ షాపుల్లోనే, పని చేశాను. కొందరు యజమానులు నన్ను పొగరుబోతన్నారు. పని బాగుంటుంది కాబట్టి ఉంచుకున్నారు.

గాయం మానాక చాచా కొడుకు వచ్చి ఆయన్ను ఊరికి తీసుకుపోయాడు. భివండి రోడ్ స్టేషన్‌లో నేను తోడున్నాను. అక్కడ బళ్ళు తక్కువ. వసై దాకా వెళ్ళి అక్కడ పెద్ద బండి ఎక్కాలి. చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాం. నల్ల కళ్ళద్దాల్లో ఆయన నాకు కొత్త మనిషిలా కనిపించాడు.

"ఇప్పుడు చప్పుడెట్లున్నది?" అని అడిగాడు.

"లేదు చాచా. నీళ్ళ తీరు తిరుగుతున్నది."

"ఎన్ని దినాలు పట్టింది?"

"పొద్దున విప్పిన. దీపాల యాళ్ళకు అయిపోయింది."

ఆయన పట్టాల వైపు తిరిగాడు. "ఒక్క దినం" అన్నాడు. ఆ తర్వాత హిందీలో ఒక తిట్టు తిట్టాడు. దాన్ని ఇక్కడ రాయను. బండి వచ్చింది, ఎక్కించాను. రెండు మూడేళ్ళు ఫోనులో మాట్లాడుకున్నాం. తర్వాత ఆ నంబరు పలకలేదు.

క్షమించమని నాకు చెప్పనివాడు లేడు. ముసలివాడైపోయాడు, మంచాన పడ్డాడు, నీకు విద్య నేర్పాడు, అక్క ముఖం చూడు అంటారు. విద్య నేర్పిన సంగతి నిజమే. అందుకే నా కోపం రెండింతలు. ఇక క్షమించడమంటారా, పోయిన కన్ను నాది కాదు. క్షమించే హక్కు నాకు ఎవరిచ్చారు?

పోయిన నెల అక్క మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఆమె నడుము వంగింది. మెట్లెక్కి వచ్చి చాలాసేపు ఆయాసపడింది. నీళ్ళిచ్చాను.

"మీ బావ నిన్ను చూడాలంటుండు తమ్మీ."

"చాచా గురించి ఏమన్న అన్నడా అక్కా?"

"లే."

"అన్ననాడు కబురు పంపు. ఉరికొస్త."

నామీద విసుక్కుంటుందనుకున్నాను. విసుక్కోలేదు. గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"అనడురా. అన్నం తినిపించేటప్పుడు రోజు అడుగుతనే ఉన్న. గోడ దిక్కు తిరుగుతడు" అంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "పోత. అన్నం యాళ్ళయింది. ఇయ్యాల గూడ అడగాలె" అంది.